పూటకాపు

తెలుగులో ‘పూటకాపు’ అని ఒక మాట ఉంది. పాత నిఘంటువుల్లో తప్ప ఇప్పుడెక్కడా కనబడదు. చూడగానే ఏదో ఒక పూట కాపలా కాసేవాడేమో అనిపిస్తుంది. కాదు. ఇంకొకరి తరఫున పూచీ పడ్డ మనిషి పూటకాపు. పూట అంటే ఇక్కడ హామీ. పూనుకోవడంలో ఉన్న పూనికే ఈ పూటలోనూ ఉందని నాకనిపిస్తుంది, భాషాశాస్త్రజ్ఞులు ఏమంటారో మరి.

ఈ మాటని పక్కకి నెట్టేసి ఆ చోటులో కూర్చున్నది జామీను. అరబ్బీలో ‘జామిన్’ అంటే కాగితం కాదు, డబ్బు కాదు, మనిషి. పూచీ పడ్డవాడు. పారసీ కచేరీ భాషగా ఉన్న రోజుల్లో మన దగ్గరికి వచ్చింది. వచ్చాక మెల్లగా అందులోంచి మనిషి జారిపోయాడు. ఇప్పుడు జామీను ‘మంజూరు’ అవుతుంది, ‘దొరుకుతుంది’, ‘రద్దు’ అవుతుంది. మనిషిని చెప్పాలంటే మళ్ళీ తోక తగిలించి ‘జామీనుదారు’ అనాలి. కోర్టు మాటలకి మన దగ్గర ఇలాంటి ప్రయాణాలు చాలానే ఉన్నాయి. ‘ముద్దాయి’నే చూడండి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి బోనులో నిలబడ్డవాడయ్యాడు!

ఇంకో సంగతి. జామీను వేరు, జమీను వేరు. రెండోది భూమి, జమీందారులో ఉన్నది అదే. రెండు మాటలకీ మూలంలో ఏ చుట్టరికమూ లేదు. కానీ ఈ రోజు ఏ మేజిస్ట్రేటు కోర్టుకైనా వెళ్ళి చూడండి, జమీను లేనివాడు జామీను పడలేడు. వినడానికి ఒకేలా ఉండే రెండు మాటలు పనిలో కూడా ఒకటైపోయిన చరిత్ర ఇది. నాకు ఆ కథ మీదే ఆసక్తి.

సినిమాల వల్ల మనలో చాలామందికి బెయిలంటే ఒకటే దృశ్యం. నల్లకోటు లాయరు చేతిలో కాగితాలు ఊపుకుంటూ స్టేషన్లోకి వస్తాడు, ఎస్సై పళ్ళు కొరుక్కుంటాడు, హీరో చొక్కా సర్దుకుని బయటికి నడుస్తాడు. లేదా హాలీవుడ్ దృశ్యం, ఎవరో డబ్బు కట్టేస్తారు. మన దగ్గర మామూలుగా ఎవరూ ముందుగా డబ్బు కట్టరు. ముద్దాయి తను వాయిదాలకి వస్తానని ఒక బాండు రాసిస్తాడు. కోర్టు అడిగితే ఇంకొకరో ఇద్దరో మనుషులు, ‘ఇతన్ని తీసుకొచ్చే బాధ్యత మాది, రాకపోతే ఇంత సొమ్ము మేం కడతాం’ అని సంతకం పెడతారు. అంతే. బెయిలు ఆర్డరు జడ్జి ఇస్తారు గానీ జైలు గేటు తెరిచేది ఈ రెండో సంతకం. ఆర్డరు వచ్చాక కూడా వారాలు, నెలలు లోపలే ఉండిపోయేవాళ్ళు ఉన్నారంటే కారణం చాలాసార్లు ఈ సంతకం దొరక్కపోవడమే.

ఈ ఏర్పాటు ఇంగ్లీషువాళ్ళు తెచ్చింది అనుకుంటాం గానీ, వాళ్ళు తెచ్చింది ఫారం మాత్రమే. యాజ్ఞవల్క్య స్మృతిలో పూచీదారుని ‘ప్రతిభువు’ అంటారు. మూడు రకాలు. దర్శన ప్రతిభువు, మనిషిని తెచ్చి చూపిస్తానన్నవాడు. ప్రత్యయ ప్రతిభువు, ‘ఇతను మంచివాడు, నన్ను నమ్ము’ అన్నవాడు. దాన ప్రతిభువు, ‘అతను ఇవ్వకపోతే నేనిస్తా’ అన్నవాడు. ఎక్కువ భాగం అప్పుల వ్యవహారాల కోసం పెట్టిన విభజనే ఇది. అయినా ఎంత తేటగా ఉందో చూడండి. మనిషిని తేవడం, మనిషి గుణానికి సాక్ష్యం చెప్పడం, డబ్బు చెల్లించడం మూడూ వేర్వేరు బాధ్యతలని ఆ కాలానికే తెలుసు.

ఈ స్మృతి మీద మితాక్షర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల ఆస్థానంలోవాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలపు కేతన ఆ మితాక్షర ఆధారంగానే ‘విజ్ఞానేశ్వరీయము’ తెలుగు పద్యాల్లో రాశాడు. వ్యవహార కాండ, అంటే కోర్టు పనులన్నీ, పద్యాల్లో! మన సాహిత్య చరిత్రల్లో కేతన దశకుమార చరిత్రకి ఇచ్చినంత చోటు దీనికి ఇవ్వరు. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం.

స్మృతుల్లో నన్ను ఆపేసిన నియమాలు మూడు. మొదటిది, ఆస్తి పంచుకోని అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, భార్యాభర్తలు ఒకరికొకరు పూచీ పడకూడదు. కారణం ఊహించడం కష్టం కాదు. పూచీదారు పోగొట్టుకోగలిగేది తనదై ఉండాలి. ఒకే మూటలోంచి తీసి అదే మూటలో పెట్టేది హామీ కాదు. రెండోది, దర్శన ప్రతిభువు చచ్చిపోతే అతని కొడుకుల మీద ఆ భారం పడదు. డబ్బుకి పూచీ పడ్డవాడి కొడుకులు మాత్రం కట్టాల్సిందే. మనిషిని తెస్తాననే మాట ఆ ఒక్కడి పరిచయం మీద, ఆ ఒక్కడి పలుకుబడి మీద ఇచ్చింది, అది కొడుకుకి వారసత్వంగా రాదు కదా. మూడోది బృహస్పతి స్మృతిలోది. పారిపోయినవాడిని వెతకడానికి పూచీదారుకి గడువివ్వాలి, దూరాన్ని బట్టి పక్షం నుంచి నెలన్నర దాకా.

పాతకాలమంతా ధర్మంగా నడిచిందని చెప్పడం లేదు. కాత్యాయనుడి మాట ఒకటుంది. వ్యాజ్యంలో ఉన్నవాడికి పూచీదారు ఎవరూ లేకపోతే అతన్ని కాపలాలో ఉంచాలి, రోజు ముగిసేసరికి ఆ కాపలావాడి జీతం అతనే ఇచ్చుకోవాలి. ఎవరూ లేనివాడు తన నిర్బంధానికి తనే కూలి చెల్లించాలన్నమాట. పూచీదారు లేకపోవడానికి శిక్ష ఉండటం కొత్తేమీ కాదు.

తర్వాత పారసీ కచేరీల్లోనూ, వాటిని అందిపుచ్చుకున్న కంపెనీ కోర్టుల్లోనూ మళ్ళీ మూడు రకాలే కనిపిస్తాయి. హాజిర్ జామిన్ మనిషి హాజరుకి, మాల్ జామిన్ సొమ్ముకి, ఫేల్ జామిన్ నడవడికి. స్మృతుల విభజనకి ఇది అచ్చంగా అతకదు గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈ ఫేల్ జామిన్ ఇంకా బతికే ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా జిల్లా పేజీల్లో ‘రౌడీషీటర్ల బైండోవర్’ అని వార్తలు చూస్తాం కదా, అదే. తహసీల్దారు ముందుకి తీసుకెళ్ళి మంచిగా ఉంటామని బాండు రాయించుకుంటారు.

1861లో మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. 1872, 1882, 1898ల్లో మళ్ళీ రాశారు. 1898 నాటి బాండు ఫారంలో, మనిషి రాకపోతే సొమ్ము విక్టోరియా మహారాణికి జప్తు అవుతుందని ఉండేది. స్వాతంత్ర్యం తర్వాత రాణి పోయి ‘ప్రభుత్వం’ వచ్చింది, మిగతా వాక్యం పెద్దగా మారలేదు. 1973 కోడ్‌లో ఉన్నవే 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కొత్త నంబర్లతో ఉన్నాయి.

సంతకం పెట్టేవాడి బాధ్యత అంతా పాత 446, ఇప్పటి 491 సెక్షన్లో ఉంది. ముద్దాయి రాలేదు. కోర్టు ఆ సంగతి నమోదు చేసి బాండు జప్తయిందని చెబుతుంది. జామీనుదారుకి నోటీసు వస్తుంది, ‘ఈ సొమ్ము కట్టు, లేదా ఎందుకు కట్టకూడదో చెప్పు’ అని. కట్టకపోతే జరిమానా వసూలు చేసినట్టే అతని ఆస్తి మీద పడి వసూలు చేస్తారు. అలా కూడా రాకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు. నేరం చేసినవాడు కాదు, చేశాడని ఎవరో అన్నవాడూ కాదు, వాడి కోసం సంతకం పెట్టినవాడు జైలుకి వెళ్ళొచ్చు! అయితే కారణం చూపితే కోర్టు సొమ్ములో కొంత తగ్గించొచ్చు. ఇతనితో నా వల్ల కాదు అనిపిస్తే జామీనుదారు ఎప్పుడైనా వెళ్ళి నన్ను తప్పించండి అని అడగొచ్చు, అప్పుడు ముద్దాయికి వారంటు పంపి రప్పిస్తారు, అతను కొత్త పూచీ తెచ్చుకోవాలి, లేదంటే లోపలికి. బాండు జప్తు కాకముందే జామీనుదారు చనిపోతే అతని ఆస్తికి ఆ బాధ్యత అంటదు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన దర్శన ప్రతిభువు కొడుకుల మాటే కదా ఇది? ఎవరు ఎవరిని చూసి రాశారనే వాదన అక్కర్లేదు, ఒకే రకం సంబంధాన్ని ఎవరు ఆలోచించినా అక్కడికే వస్తారనుకుంటా.

నేనూ ఒకసారి జామీను పడ్డాను. మా వీధిలో ఆటో నడిపే అతను, ఒక రోడ్డు ప్రమాదం కేసు. ‘అన్నా, నీకు సొంతిల్లుంది కదా, నువ్వొక్కడివి వస్తే చాలు’ అన్నాడు. ఇంటిపన్ను రసీదు, ఆస్తి విలువ సర్టిఫికెట్టు, ఆధారు, ఫొటోలు, ఒక అఫిడవిట్టు. పొద్దున్నించి సాయంత్రం నాలుగింటి దాకా వరండాలో నిలబడ్డాం. పిలిచినప్పుడు మేజిస్ట్రేటు నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? ఇంతకుముందు ఎవరికైనా జామీను పడ్డారా? ఇతను మీకెలా తెలుసు అని అడుగుతారని నేను దారి పొడుగునా సమాధానం తయారు చేసుకుని వెళ్ళాను. అడగలేదు. జాబితాలో ఇంకా చాలా కేసులున్నాయి, తప్పు పట్టడానికి లేదు. ఆ తర్వాత మూడేళ్ళు ప్రతి వాయిదాకీ ముందురోజు రాత్రి ఫోను చేసేవాణ్ణి. ‘రేపు పదిన్నరకి, గుర్తుందా?’ చివరికొచ్చేసరికి నా నంబరు చూడగానే ‘గుర్తుందన్నా’ అని ఎత్తేవాడు. చట్టం నా నుంచి కోరింది నిజానికి ఈ ఫోనే. కానీ నన్ను అర్హుణ్ణి చేసింది ఇంటిపన్ను రసీదు.

ఈ ఫోన్ల విలువ ఏమిటో ఒక పాత ఇంగ్లీషు కేసు చక్కగా చెబుతుంది. హెర్మన్ వర్సెస్ యూక్నర్, 1885. మంచి నడవడికి యాభై పౌండ్ల పూచీ తెమ్మని ఒకతన్ని కోర్టు అడిగింది. అతను తన యాభై పౌండ్లే ఇంకొకరి చేతిలో పెట్టి, నువ్వు పూచీ పడు అన్నాడు. గడువు అయిపోయింది, తన డబ్బు తనకిమ్మని దావా వేశాడు. కోర్టు ఇప్పించలేదు. ఆ ఒప్పందమే చట్టవిరుద్ధం అంది. ఎందుకంటే నష్టం ఏమీ లేని పూచీదారుకి అవతలివాడు ఎలా ఉంటే ఏంటి? వాణ్ణి కనిపెట్టి ఉండే అవసరమే పోతుంది. మన కోర్టులూ ఇదే దారిలో నడిచాయి. ముద్దాయి దగ్గర ముందే డబ్బు తీసుకుని జామీను పడే ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదు. అన్నదమ్ములు ఒకరికొకరు పూచీ పడొద్దన్న పాత నియమంలో ఉన్న తర్కమే ఇక్కడా ఉంది.

అమెరికా దీనికి పూర్తిగా ఎదురుదారిలో వెళ్ళింది. 1872లో అక్కడి సుప్రీంకోర్టు టేలర్ వర్సెస్ టెయింటర్ కేసులో పూచీదారుకి దాదాపు జైలరంత అధికారం ఉందని చెప్పింది. ముద్దాయిని ఎప్పుడైనా పట్టుకోవచ్చు, వేరే రాష్ట్రానికి పోతే వెంటపడొచ్చు, అవసరమైతే అతని ఇంట్లోకి చొరబడొచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మెక్‌డోనో అనే అన్నదమ్ములు తమ తండ్రి సారా దుకాణంలో కూర్చుని దీన్ని వ్యాపారం చేశారు. బాండు మొత్తంలో మామూలుగా పదోవంతు ఫీజు, అది తిరిగి రాదు. ఈ వ్యాపారాన్ని చట్టబద్ధంగా నడవనిచ్చే దేశాలు అమెరికా, ఫిలిప్పీన్స్ తప్ప ఇంకెక్కడా లేవు.

మన దగ్గర చట్టబద్ధంగా లేదు. లేదు కాబట్టి కోర్టు గేటు దగ్గర టీకొట్టు పక్కన ఉంటుంది. పట్టాదారు పాసుబుక్కు చేతిసంచీలో పెట్టుకుని వచ్చే మనుషులు. ముద్దాయి మొహం వాళ్ళు మొదటిసారి చూసేది కోర్టు హాల్లోనే. పేరు, తండ్రి పేరు చీటీ మీద చూసి బట్టీ పడతారు. అలాంటివాళ్ళని పట్టడానికి 2005 సవరణలో 441ఎ పెట్టారు. జామీను పడే ప్రతి మనిషీ ఇప్పటికి ఎంతమందికి పడ్డాడో వివరాలతో రాసివ్వాలి. మంచిదే. కానీ వాళ్ళని పుట్టించింది ఏమిటి? ముద్దాయిని బాగా తెలిసిన మనిషికి పాసుబుక్కు లేదు. పాసుబుక్కు ఉన్న మనిషికి ముద్దాయి తెలియదు. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో ఎవడో ఒకడు దుకాణం తెరవకుండా ఉంటాడా?

ఈ ఖాళీ గురించి మన సుప్రీంకోర్టు కోపంగా మాట్లాడిన తీర్పు మోతీరామ్ కేసు, 1978 ఆగస్టు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. వివరాలు కింది మేజిస్ట్రేటు చూసుకోవాలి. ఆయన పదివేల రూపాయల పూచీ అడిగారు. మేస్త్రీ అన్న వచ్చాడు. ఆయన్ని కుదరదన్నారు, ఎందుకంటే ఆయనా ఆయన ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయి. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు ఇచ్చిన బెయిలు జిల్లా సరిహద్దు దాటలేకపోయింది. మేస్త్రీ మళ్ళీ సుప్రీంకోర్టుకే రాసుకున్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మొత్తం చూసి మండిపడ్డారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు.

ఆ తీర్పులో మన ప్రస్తావన కూడా ఒకచోట ఉంది. ఒక మలయాళీయో, కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో బస్తర్లోనో పోర్ట్‌బ్లెయిర్లోనో పహల్గామ్‌లోనో చాందినీచౌక్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న పూచీదారుని ఎక్కణ్ణించి తెస్తాడని అడిగారాయన. దూరప్రాంతాలకి వలసపోయే పాలమూరు కూలీల గురించి తెలిసినవాళ్ళకి ఆ ప్రశ్న ఊహాజనితంగా అనిపించదు. ఇప్పుడు దాన్ని తిప్పి మనల్నే అడగొచ్చు. ఎర్రచందనం కేసుల్లో రాయలసీమ జైళ్ళకి వచ్చిన తిరువణ్ణామలై కూలీకి కడపలో ఇల్లున్న చుట్టం ఎక్కడ దొరుకుతాడు?

మరుసటి ఏడు, 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహారు జైళ్ళలో విచారణ ఖైదీల గురించి పత్రికలో వచ్చిన వ్యాసాలు పట్టుకుని కపిలా హింగోరాణీ కోర్టుకెళ్ళారు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువకాలం లోపల ఉండిపోయినవాళ్ళు బయటపడ్డారు. జస్టిస్ భగవతి ఆ తీర్పులో డబ్బు బదులు చూడవలసినవి ఏమిటో రాశారు. ఆ ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు, ఏం పని చేస్తున్నాడు, కుటుంబం ఎక్కడుంది, పేరెలాంటిది, అతని తరఫున మాటివ్వగల పెద్దమనుషులు ఎవరు. 1961లో న్యూయార్కులో మొదలైన మన్‌హటన్ బెయిల్ ప్రాజెక్టు నేర్పిన పాఠాలవి. పైకి కొత్తగా ఉన్నా, నా లెక్కలో ఇది ప్రత్యయ ప్రతిభువుని మళ్ళీ పిలవడమే. ఈ మనిషి నాకు తెలుసు, నన్ను నమ్మండి అనేవాణ్ణి.

వ్యవహారంలో అతను తిరిగి రాలేదు. 2005 సవరణ, బెయిలబుల్ కేసుల్లో అరెస్టయిన వారంలోగా పూచీ ఇవ్వలేకపోతే అతన్ని పేదవాడిగానే భావించి పూచీ లేకుండా వదలాలంది. 2022 చివర్లో దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. వాళ్ళందరూ పూచీ దొరక్క ఉన్నవాళ్ళు కాదు, బెయిలే రానివాళ్ళు ఎక్కువ. 2022 రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము వీళ్ళ గురించి మాట్లాడాక కొంత కదలిక వచ్చింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు, బెయిలొచ్చి నెలరోజులైనా బాండ్లు ఇవ్వలేకపోతే కోర్టులు తమంత తామే షరతులు సడలించే సంగతి చూడొచ్చంది. స్థానిక పూచీ పట్టుబట్టడం ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి చోట ఆ షరతు పెట్టకుండా ఉండొచ్చని కూడా అంది. ‘పెట్టకూడదు’ కాదు, ‘పెట్టకుండా ఉండొచ్చు’.

అదే ఏడు కేంద్రం పేద ఖైదీల తరఫున బెయిలు సొమ్ము కట్టే పథకం పెట్టింది. బయటపడేవాళ్ళకి మేలే, కాదనను. కానీ లెక్క చూస్తే నవ్వొస్తుంది. ముద్దాయి రాకపోతే ప్రభుత్వానికి జప్తు కావలసిన సొమ్ముని ప్రభుత్వమే ముందుగా కడుతోంది. మూట అదే!

2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసు. అతనికి పదమూడు కేసుల్లో బెయిలొచ్చింది, పదమూడింటికీ వేర్వేరు జామీనుదారులు కావాలి. లేరు. సుప్రీంకోర్టు ఒకే జామీనుదారులు అనేక కేసులకి పనికొస్తారంది. చెప్పిన కారణం నాకు నచ్చింది. ఎవరి జీవితంలోనైనా ఇలాంటి వేళ వచ్చి నిలబడేది దగ్గరి చుట్టమో పాత స్నేహితుడో, ఆ సంఖ్య చిన్నదే. క్రిమినల్ కేసంటే ఆ చిన్న సంఖ్య ఇంకా తగ్గిపోతుంది.

హైదరాబాదులో పైకి లేస్తున్న ఏ అపార్ట్‌మెంటు దగ్గరైనా రేకుల షెడ్లు ఉంటాయి. గంజాం నుంచో గయ నుంచో వచ్చినవాళ్ళు, షెడ్డుకి ఆరుగురు. వాళ్ళలో ఒకడు రేపు ఏదో కేసులో లోపలికెళ్ళాడనుకోండి. అతని ఊరు, పెళ్ళాం పేరు, ఇంటికి నెలకి ఎంత పంపుతాడు, తాగితే ఎలా ఉంటాడు, పిలిస్తే వస్తాడా రాడా, అన్నీ తెలిసిన మనిషి పక్క చాప మీద పడుకునే ఇంకో మేస్త్రీ. పూటకాపుకి ఇంతకన్నా తగినవాడు ఆ నగరంలో లేడు. అతని దగ్గర ఉన్నది ఒక ఆధార్ కార్డు. దాని మీద చిరునామా గంజాందే.